సమాజమందిరము మూతవడిన దినములు



స్త్రీసమాజములకు క్రొత్త కార్యవర్గముల నెన్నుకొను సమయమున ప్రతి సంవత్సరము నొక ప్రశ్న మా చెవిని బడుచుండును. "వంటల తీరులు, కుట్టుపనులు, పాటలు, పురాణములు అన్నియు సెల్‌ఫోనులోనే దొరకుచున్నవి గదా! ఇక ఎండనబడి సమాజమందిరమునకు పోవనేల? నెలచందా యియ్యనేల?" అని కొందఱు యువతు లడుగుచున్నారు. ఈ ప్రశ్న నడుగువారు సోమరులు కారు. ఇంటిపని, ఉద్యోగము, పిల్లల చదువు అను మూడు బరువులు మోయువారే యెక్కువగా నిట్లనుచున్నారు. కావున వారికి మందలింపుగాక నిదర్శనము చూపుట న్యాయము. సమాజమందిరము లన్నియు మూతవడియున్న 2020వ సంవత్సరమున సభ్యురాండ్రు తమ దినముల నెట్లు గడపిరో స్మరించుకొన్నచో, సమాజ మనగా నేమో, అది యెందులకో స్పష్టముగ దెలియగలదు.

ఆ యేడు మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ వ్యాధిని మహమ్మారిగా పేర్కొనెను. 22వ తేదీ ఆదివారమున జనతా కర్ఫ్యూ జరిగెను. 25వ తేదీనుండి దేశమంతటను లాక్‌డౌను విధింపబడెను. ఆనాడే శార్వరినామ సంవత్సరపు ఉగాది. శార్వరి యనగా రాత్రి. పేరునకు తగినట్లే ఆ పండుగనాడు వీధులన్నియు నిర్మానుష్యములై యుండెను. వేపపువ్వు దొరకినవారికి మామిడికాయ దొరకలేదు. మామిడికాయ యున్నవారికి పంచుకొనుటకు పొరుగువారు రాలేదు. మొదట 21 దినములే యనిరి. పిమ్మట మే 3 వరకును, 17 వరకును, 31 వరకును పొడిగించుచు వచ్చిరి. ఏప్రిల్ 2వ తేదీన భద్రాచలమున సీతారాముల కల్యాణము భక్తులు లేకయే జరిగెను. దూరదర్శన్ వారు మార్చి 28వ తేదీనుండి పాత రామాయణ ధారావాహికను మరల ప్రసారము చేయగా, పెద్దలు చిన్నలు నొక్కచోట గూర్చుండి చూచిరి. ఆ సంగతి అందఱును సంతోషముతో జెప్పుకొందురు. ఆ గంటసేపును వంటయింట నెవరుండిరో చెప్పువారు తక్కువ.

ఇల్లే బడి యయ్యెను, ఇల్లే కచేరీ యయ్యెను, ఇల్లే ఫలహారశాల యయ్యెను. పనిమనిషి రాకపోయెను. మునుపు రెండు పూటలు వెలిగెడి పొయ్యి అయిదు పర్యాయములు వెలుగజొచ్చెను. అంతకు పూర్వమే ఈ దేశమున స్త్రీల పని యెంతయో లెక్కవేసినవారు కలరు. 2019వ సంవత్సరమున జాతీయ గణాంక కార్యాలయమువారు జరిపిన కాలవినియోగ పరిశీలనలో, జీతము లేని యింటిపనికి స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములు వెచ్చించుచున్నట్లు తేలెను. ఇంటిపనిలో చేయివేసిన పురుషుని వంతు 97 నిమిషములు. అట్లు చేయివేయువారే నూటికి 26 మంది. ఇది యందఱును వాకిలి దాటి తిరుగుచున్న దినములనాటి లెక్క. ఇంటిల్లిపాదియు నింటనేయున్న దినములలో నా బరువెంత పెరిగియుండునో మన పాఠకురాండ్రకు వేఱుగ జెప్పనక్కఱలేదు.

రాజమహేంద్రవరమున గోదావరి గట్టునకు సమీపమున నొక స్త్రీసమాజము కలదు. దానిని మేము చిరకాలముగ నెఱుగుదుము. అప్పటికి సభ్యురాండ్రు 42 మంది. ప్రతి గురువారము మధ్యాహ్నము మూడు గంటలకు గూడి, కొంతసేపు పుస్తకపఠనము, కొంతసేపు కుట్టుపని, పిదప తేనీరు, ముచ్చటలు: ఇదియే కార్యక్రమము. మార్చి మాసమున మందిరమునకు తాళము పడగానే, హార్మోనియము, కుట్టుమిషనులు, బీరువాలోని పుస్తకములు అన్నియు లోపలనే యుండిపోయెను. బయట మిగిలినది కార్యదర్శినిగారి యింటనున్న సభ్యుల పేర్ల పుస్తక మొక్కటి. ఆ పుస్తకమే సమాజమును నిలిపినది.

ఆమె ఆ పుస్తకమును ముందు పెట్టుకొని ఒక్కొక్క పేరునకు టెలిఫోను చేయుచు బోగా రెండు సంగతులు బయల్పడెను. 42 మందిలో తొమ్మండ్రకు తమదని చెప్పుకొనదగిన ఫోనే లేదు. భర్తదో, కుమారునిదో, మనుమనిదో మాత్రమే కలదు. పిల్లల పాఠములు ఫోనులో మొదలైన పిదప అదియు వారి చేతి కందకపోయెను. ఆఱుగు రొంటరిగ నున్నారు. వారిలో నలుగురి బిడ్డలు పరదేశములందున్నారు. వాట్సాప్‌లో నొక సమూహ మేర్పఱచి సందేశములు పంపినచో సరిపోవునని కొంద ఱనిరి. అట్లు చేసినచో పుస్తకములో నుండవలసినవారిలో ముఖ్యులే జాఱిపోవుదురని కార్యదర్శినిగారు గ్రహించిరి. ఎవ్వరితో సులువుగ మాటాడగలమో వారితో మాటాడుట సహజము. ఎవ్వరు మౌనముగ నున్నారో వారిని వెదకుట సమాజముయొక్క పని.

అందుచేత వీథులనుబట్టి ముగ్గురు ముగ్గురుగా సభ్యురాండ్రను 14 జట్లుగా విభజించిరి. ప్రతి జట్టులో నొక్కరికైన స్వంత ఫోనుండునట్లు చూచిరి. ఫోను లేని సోదరిని ప్రక్కయింటివారు పెరటి గోడమీదుగనో, వీధి గేటువద్ద దూరముగ నిలిచియో పలుకరింపవలెను. ప్రతి దినము మధ్యాహ్నము మూడు గంటలకు, అనగా వంట ముగిసి అంట్లు తోమిన పిమ్మట, మూడు ప్రశ్న లడుగవలెను: ఏమి భోజనము చేసితిరి? మందు లెన్నినాళ్ళకు సరిపోవును? రాత్రి నిద్ర పట్టినదా? మొదటి ప్రశ్నకు అందఱును నవ్వుచు సమాధానము చెప్పిరి. రెండవదానికి కొందఱు లోపలికిపోయి డబ్బా చూచివచ్చి చెప్పిరి. మూడవ ప్రశ్నకు మాత్రము చాలమంది వెంటనే బదులు చెప్పలేకపోయిరి. అక్కడనే అసలు సంభాషణ మారంభమయ్యెడిది.

రక్తపుపోటునకును, మధుమేహమునకును, థైరాయిడునకును మందులు పుచ్చుకొనువారి జాబితాలను జట్లవారు వ్రాసికొనిరి. ఉదయమున కొన్ని గంటలు మాత్రమే అంగడులు తెఱచెడివారు గనుక, ఒక యింటినుండి వెళ్ళిన యువకుడే నాలుగిండ్లకు మందులు, పచారీ సామానులు తెచ్చి వీధియరుగుమీద నుంచి పోయెడివాడు. జన్‌ధన్ ఖాతాలు గల స్త్రీలకు ఏప్రిల్, మే, జూన్ మాసములలో నెలకు 500 రూపాయలు ప్రభుత్వము వేసినపుడు, వెంటనే తీసికొననిచో ఆ సొమ్ము వెనుకకు పోవునని వదంతి పుట్టెను. పేదరాండ్రు బ్యాంకులయొద్ద గుంపులు గూడిరి. ఖాతా సంఖ్య చివరి యంకెనుబట్టి దినములు నిర్ణయింపబడినవనియు, సొమ్మెక్కడికిని పోదనియు జట్లవారు ఇంటింటికి దెలిపిరి. అప్పటికే కోడిమాంసమువలన రోగము వచ్చునన్న పుకారుచేత గోదావరి జిల్లాల కోళ్ళ రైతులు మిక్కిలి నష్టపోయియుండిరి. కాబట్టి ఈ సమాజమువా రొక నియమము పెట్టుకొనిరి. మందునుగూర్చి గాని, ప్రభుత్వపు టుత్తరువునుగూర్చి గాని వచ్చిన సందేశమును, దానిని వ్రాసినవారెవరో తెలియక మఱొకరికి పంపరాదు. ఈ నియమ మేనాటికిని వర్తించునదే.

ఒంటరిగనున్న యాఱుగురిలో నొకరు డెబ్బదియారేండ్ల వృద్ధురాలు. అందఱును ఆమెను గూర్చియే దిగులుపడిరి. కాని యామె, "నన్ను దినమునకు ముగ్గురు పరామర్శించుచున్నారు; నాకు మాత్రము చేయుటకు పనిలేదా?" అని యడిగెను. అదే వీథిలో క్రొత్తగ కాపురమునకు వచ్చిన గుంటూరు పడుచొకతె, పుట్టింటినుండి ఆవకాయ రాదని చింతించుచుండెను. మామిడికాయలు వచ్చు దినములవి. వృద్ధురాలు ఫోనులోనే ఆ పడుచుచేత ఆవకాయ పట్టించెను. ముక్కలు తుడిచి యారవేయుట మొదలు మూడవనాడు తిరుగగలుపుట వరకు దినమును పలుకరించుచు, "అమ్మాయీ, జాడీ తడిలేకుండ తుడిచితివా?" అని యడిగెడిది. "తుడిచితినండీ, పిన్నిగారూ" అని ఆమె చెప్పెడిది. ఆవకాయ కుదిరెను. అంతకంటె ముఖ్యమైనది, పరామర్శ కెదురుచూచు దశనుండి పరామర్శించు స్థానమునకు ఆ వృద్ధురాలు వచ్చెను. సాయము పుచ్చుకొనువారిని సాయము చేయువారిగా మార్చుట కంటె ఒంటరితనమునకు మంచి మందు మే మెఱుగము.

కుట్టుపని నేర్చిన సభ్యురాండ్రు ఇంటియొద్ద మిషనులున్నచో నూలుబట్టతో మాస్కులు కుట్టిరి. ఆ యేప్రిల్ మాసమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మనిషికి మూడు చొప్పున మాస్కులు పంచ నిశ్చయించి, కుట్టు పనిని స్వయంసహాయక సంఘముల స్త్రీల కప్పగించెను. కేరళమున 1998వ సంవత్సరమున స్థాపింపబడిన కుటుంబశ్రీ స్త్రీలు, స్థానికసంస్థలతో గూడి వేయికి మించిన సామాజిక వంటశాలలలో పనిచేసి, ఆకలిగొన్నవారికి అన్నము వండి పంపిరి. ఈ పనులు మహమ్మారి వచ్చిన పిదప నేర్చుకొన్నవి కావు. వారము వారము గూడి, పొదుపు లెక్కలు వ్రాసికొని, ఒకరి నొకరు నమ్మ నేర్చిన స్త్రీలు గనుకనే పని మీదబడగానే చేయగలిగిరి.

ఇక చెప్పుటకు కష్టమైన సంగతి యొకటి కలదు. ఇల్లందఱికిని క్షేమమైన చోటు కాదు. లాక్‌డౌను విధించిన పిమ్మట గృహహింసనుగూర్చిన ఫిర్యాదులు పెరుగుటచేత, జాతీయ మహిళా కమిషనువారు 2020 ఏప్రిల్ 10వ తేదీన వాట్సాప్ ద్వారా ఫిర్యాదు చేయుటకు ప్రత్యేకముగ నొక నంబరు నిచ్చిరి. స్పెయిను దేశపు కానరీ ద్వీపములలో, మందుల షాపునకు వచ్చి "మాస్కు 19" అని చెప్పినచో ఆ స్త్రీ యాపదలో నున్నదని గ్రహించి షాపువారు అధికారులకు దెలుపు నేర్పాటు చేసిరి. మేము చెప్పుచున్న సమాజమున నొక సోదరికి ఎప్పుడు ఫోను చేసినను భర్తయే తీయుచు, "పనిలోనున్నది" అని పెట్టివేసెడివాడు. నాలుగవనాడు జట్టులోని పొరుగావిడ కరివేపాకు నెపముతో గేటువద్దకు పోయి, "వదినగారూ, రెండు రెబ్బలు తెచ్చియిత్తురా?" అని పిలిచెను. ఆకు తెచ్చిన చేతిమీది గాయమును చూచెను. ఆనాటినుండి కరివేపాకునకో, మజ్జిగ తోడునకో ప్రతి దినము నెవరో యొకరు ఆ గేటువద్ద నిలిచి పిలువజొచ్చిరి. ఇంటిని నలుగురు కనిపెట్టుచున్నారని యెఱిగిన తరువాత ఆ మగవాని చేయి కొంత వెనుదీసెను. ప్రయాణముల కనుమతి రాగానే ఆమె సోదరుడు వచ్చి పుట్టింటికి దీసికొనిపోయెను. ఆ కుటుంబపు గుట్టు కాపాడవలసియున్నది గనుక ఇంతకంటె విస్తరింపము. సందేశము పంపుటతోనే సరిపెట్టుకొన్నచో ఆ గాయ మెవరి కంటబడెడిదో పాఠకురాండ్రే యోచింతురు గాక.

పనివారలనుగూర్చి ఆ సమాజమున పెద్ద వాగ్వాదము జరిగెను. "పని చేయనినెలకు జీత మెట్లిత్తుము? మా యింటివారికే జీతములు సగమైనవి" అని కొందఱనిరి. ఆ మాటలోను బాధ కలదు. "మనము రావలదనుటచేతనే గదా వారు రానిది! పదిండ్లలో పనిచేయు నామె పదింటను జీతము పోగొట్టుకొన్నచో బిడ్డల కేమి పెట్టును?" అని మఱికొందఱనిరి. మూడు దినములు ఫోనులలో తర్కించుకొని, ఈయగలవారు పూర్తిజీతమును, ఈయలేనివారు తమకు వీలైనంతయు నిచ్చునట్లును, తక్కువైనది సమాజపు నిధినుండి పూరించునట్లును తీర్మానించిరి. ఆ యేడాది వినోదయాత్రకని దాచిన సొమ్మట్లు వినియోగమయ్యెను. అంతటితో నాగక, ఆ పదునొకండుగురు పనివారల పేర్లును పుస్తకమున వ్రాసి జట్లలో చేర్చిరి. మన తలుపులోపలి సుఖదుఃఖములు పనిమనిషి కెంత తెలియునో మన బంధువులకు దెలియదు. ఆమె సుఖదుఃఖములు మనకెంత తెలియునని ఎప్పుడైన ప్రశ్నించుకొంటిమా?

2021వ సంవత్సరము ఏప్రిల్, మే మాసములలో రెండవ విజృంభణ వచ్చెను. మొదటి యేడు భయము పెద్దది. రెండవ యేడు దుఃఖము పెద్దది. ఇంటిల్లిపాదియు మంచమెక్కిన కుటుంబములకు జట్లవారు వంతులవారీగ చారు, అన్నము, గంజి గేటువద్ద నుంచివచ్చిరి. ఆ వంతులలో పనివారును స్వచ్ఛందముగ జేరిరి. ఆస్పత్రిలో పడక దొరకునో లేదో కనుగొనుటకు నలుగురు యువతులు రాత్రులందు ఫోనులవద్ద మేలుకొనియుండిరి. ఇంత చేసినను ఇద్దఱు సభ్యురాండ్రు మరలిరాలేదు. కడసారి చూపు లేదు. పరామర్శకు పోవుటకు వీలులేదు. బంధువులు గూడుట లేదు. ఏడ్చువారి భుజముమీద చేయివేయుటకు చేయి చాలని దూరము. అప్పుడు సమాజమువారు పదునొకండు దినములు దీపములు పెట్టువేళకు ఆ యిండ్లకు వంతుగా ఫోను చేసి, పోయినయామెనుగూర్చి తమకు గుర్తున్న దొక్కటి చెప్పుచు వచ్చిరి. ఆమె నేర్పిన జాకెట్టు కుట్టు, ఆమె గొంతెత్తి పాడిన మేలుకొలుపు, చందా కట్టుట మఱచినవారిని నవ్వుచు దెప్పిన మాట. తల్లినిగూర్చి తామెఱుగని యెన్నియో సంగతులు తమకు దెలిసినవని ఒక యింటి కుమార్తె పిమ్మట చెప్పెను. ఆ కుమార్తె యిప్పు డా సమాజమున సభ్యురాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2023 మే 5వ తేదీన ఆ యత్యవసరస్థితి ముగిసినదని ప్రకటించిరి. మందిరముల తాళములు అంతకు ముందే తెఱచిరి. కాఫీ కలపనేర్చిన మగవారిలో కొందఱు దానిని మఱచిరి. 2024వ సంవత్సరపు కాలవినియోగ పరిశీలనలో ఇంటిపనికి స్త్రీ వెచ్చించునది 289 నిమిషములు, అందు పాల్గొను పురుషుడు వెచ్చించునది 88 నిమిషములు. ఇరువురివియు కొంత తగ్గినవి గాని నడుమనున్న దూరము మాత్రమట్లేయున్నది. ఇంటనుండుటచేతనే ఇంటిపని పంచుకొందురని తలచుట ఆశయే గాని అనుభవము కాదు. పంపకమును గూర్చి నోరు తెఱచి అడుగవలెను, పిల్లలకు చిన్ననాడే మగ ఆడ భేదము లేక నేర్పవలెను.

ఇప్పుడు తీరికయున్న కాలమున ప్రతి సమాజమును కొన్ని పనులు చేయవలెనని మా విన్నపము. సభ్యుల పుస్తకమున ప్రతి పేరునకెదురుగ ఇంటి గుర్తు, స్వంత ఫోనున్నదో లేదో, ఆపదలో పిలువదగిన మఱొకరి నంబరు, నిత్యము వాడు మందులు వ్రాసికొనుడు. ఒంటరిగ నుండువారి పేర్లకు గుర్తు పెట్టుడు. ముగ్గురేసి జట్లను ఇప్పుడే యేర్పఱచి, వారమున కొక్కమాఱైన పలుకరించుకొను వాడుక చేయుడు. వరదలకును, తుపానులకును, జ్వరములకును ఆ వాడుకయే యక్కఱకు వచ్చును. పెద్దవారికి ఫోను వాడుట ఓపికతో నేర్పుడు. మందిరపు గోడమీద స్త్రీల సహాయమునకైన 181, మనోవ్యాకులమున సలహాకైన 14416 నంబరులను పెద్ద అక్షరములతో వ్రాయుడు. నిధిలో నాల్గవవంతు ఆపత్కాలమునకని వేఱుగ నుంచుడు. మన యిండ్లలో పనిచేయు స్త్రీలను సభకు పిలుచుడు. వారు క్రింద గూర్చుండుటకు గాదు, కుర్చీలో గూర్చుండుటకు.

సెల్‌ఫోను వంట నేర్పును, పాట వినిపించును. అది మంచి సేవకురాలే. మూడు దినములుగ మీ వంటయింట పొగ రాలేదేమని అడుగుటకు మాత్రము మిమ్ము నెఱిగిన యొక స్త్రీ కావలెను. ఆమె మిమ్ము నెఱుగుటకు మీరును గురువారము గురువారము కొంత కాలము వెచ్చింపవలెను. వచ్చు సభకు పోవునపుడు, కొంతకాలముగ రాకుండ నున్న సోదరి యెవరో పుస్తకము చూచి తెలిసికొని, త్రోవలో ఆమె గేటువద్ద నొకసారి నిలువుడని మా ప్రార్థన.